పక్కన మనిషుంటే పాసు రాదు: నేను చేసిన సాధన

ఇంటర్వెల్‌లో సినిమా హాలు యూరినల్ ముందు నిలబడితే, వెనక లైనుందన్న ఊహకే చుక్క రాదు. ఇంటికొచ్చి గడియ పెట్టుకుంటే ధార. దీన్ని పారూరిసిస్ అంటారు, 1954లో పెట్టిన పేరు. సిగ్గు మనసుదే, మూసుకునేది మాత్రం కండరం. భయానికి మూత్రాశయం మెడ, దాని కింది కండరం బిగుస్తాయి. ముక్కితే ఇంకా బిగుస్తాయి. అందుకే 'ధైర్యం తెచ్చుకో' అన్న సలహా ఎందుకూ పనికిరాదు.

ముందు యూరాలజిస్టుకి చూపించుకోవాలి. ఒంటరిగా ఉన్నా ధార సన్నగానే వస్తుంటే అది ప్రోస్టేటో మరొకటో కావచ్చు, ఈ సాధనతో పోదు.

తర్వాత ఎక్కడ ఎంత భయమో ఒక కాగితం మీద 0 నుంచి 10 దాకా మెట్లుగా రాసుకున్నాను. ఖాళీ ఇల్లు 0, హాల్లో మనిషి ఉండటం 3, తలుపు బయటే ఉండటం 5, ఖాళీ యూరినల్ 7, ఇంటర్వెల్ 10.

సాధనకి తోడు కావాలి. నాకు మా బావమరిది దొరికాడు. గంట ముందు నుంచి ముప్పావు లీటరు నీళ్ళు మెల్లగా తాగాలి. ఆపుకోవడం కష్టమవుతోంది అనిపించినప్పుడే మొదలుపెట్టాలి. తోడు మనిషి హాలు చివర ఉంటాడు. లోపలికెళ్ళి మూడు సెకన్లు పోసి, ఆపేసి, బయటికి రావాలి. రెండు మూడు నిమిషాలాగాక "రెండడుగులు వస్తున్నా బావా" అంటాడు. మళ్ళీ మూడు సెకన్లు. రెండు నిమిషాలైనా రాకపోతే అక్కడే నిలబడకూడదు. బయటికొచ్చి, అతన్ని రెండడుగులు వెనక్కి పంపి మళ్ళీ మొదలుపెట్టాలి.

అందరూ చేసే తప్పు, వచ్చింది కదా అని మొదటిసారే మొత్తం పోసేయడం. ఆ పూట సాధన అక్కడితో సరి. ఇంకో తప్పు నీళ్ళు లీటర్లకి లీటర్లు తాగేయడం. రక్తంలో సోడియం పడిపోతుంది. తలనొప్పి, వికారం మొదలైతే నీళ్ళు ఆపేయాలి, తగ్గకపోతే ఆసుపత్రికి వెళ్ళాలి. మధ్యలో ధార ఆపడం కూడా సాధనలోనే, రోజూ అలవాటు చేసుకోకూడదు.

ఊపిరి పద్ధతి ఒకటుంది. ముప్పావు వంతు ఊపిరి వదిలి, మళ్ళీ పీల్చకుండా అలాగే ఆపి ఉంచాలి. సుమారు 45 సెకన్లకి కింది కండరం జారినట్టు తెలుస్తుంది. ఇంట్లో 10 సెకన్లతో మొదలుపెట్టి పెంచుకోవాలి. గుండెజబ్బు, బీపీ ఉన్నవాళ్ళు, గర్భిణులు డాక్టర్ని అడగకుండా చేయొద్దు. అందరికీ పట్టుబడదు కూడా.

ల్యాబ్‌లో శాంపిల్ ఇవ్వాల్సి వస్తే మొహమాటపడకుండా "నాకు టైం పడుతుంది" అని ముందే చెప్పేయాలి. చాలా చోట్ల ఏమీ అనరు. కుళాయి తిప్పితే ఆ చప్పుడు సాయపడుతుంది గానీ, దానికే అలవాటుపడితే కుళాయి లేని చోట కష్టం.

ఎంతసేపటికీ రాక, పొత్తికడుపు రాయిలా అయి నొప్పి పుడితే సాధన మాట పక్కనపెట్టి క్యాజువాలిటీకి వెళ్ళాలి. గొట్టం వేసి మూత్రం తీసేస్తారు.

నా కాగితంలో ఇంటర్వెల్‌కి టిక్కు పడింది. రైల్లో, బయట ఎవరో తలుపు తడుతుంటే మాత్రం భయం ఇంకా 8 దగ్గరే ఉంది.