ఎలకల మందు

సోంపేటలో రైలెక్కితే గంటకల్లా బ్రహ్మపురం. ఆ గంటలోనే నేను చదువురాని వాణ్ణయిపోతాను, బోర్డులన్నీ ఒడియాలో ఉంటాయి మరి. 1936 దాకా ఇదంతా మద్రాసు ప్రెసిడెన్సీయే అంటారు మా ఇంటి ఓనరు. బజార్లో ఇప్పటికీ తెలుగుతో పని జరిగిపోతుంది.

ఒక ఫార్మసీ కాలేజీ ల్యాబ్‌లో తెల్ల ఎలకల్ని చూసుకోవడం నా ఉద్యోగం. ఈసారి ప్రయోగం జింక్ సల్ఫేట్‌ది. కొన్ని ఎలకలకు ముందు కొన్నాళ్లు జింక్ పట్టించాం. తర్వాత అన్నిటికీ కాలేయాన్ని దెబ్బతీసే ద్రావకం, కార్బన్ టెట్రాక్లోరైడ్‌ని ఆలివ్ నూనెలో కలిపి సూది వేశాం. తియ్యటి వాసన, ఒకప్పుడు డ్రై క్లీనింగ్‌కి వాడేవారట. చిత్రమేమిటంటే, అసలు విషాన్ని తయారుచేసేది కాలేయమే. అక్కడి ఎంజైము ఆ ద్రావకాన్ని విడగొట్టినప్పుడు పుట్టే ఫ్రీ రాడికల్, అంటే దేన్నైనా ఇట్టే పట్టుకుని పాడుచేసే అణువు ముక్క, మన కణాల పొరల్లోని కొవ్వుని పాడుచేస్తుంది. జింక్ ముందే లోపలికెళితే కాలేయం మెటలోథయోనిన్ అనే ప్రొటీన్‌ని ఎక్కువగా చేసుకుంటుంది. అందులో గంధకం దండిగా ఉంటుంది, రాడికల్స్‌ని అదే పట్టేస్తుంది.

కోసి చూసిన రోజు మధ్యాహ్నం నాకు అన్నం దిగలేదు. జింక్ లేని ఎలక కాలేయం పాలిపోయి, పసుపు చుక్కలతో ఉంది. జింక్ తాగినదానిది కూడా నిక్షేపంగా ఏమీ లేదు. కాకపోతే ఎరుపు మిగిలింది.

ఇదంతా ఓనరుగారికి చెప్పడం నా తప్పే. నెల తిరక్కుండా ఆయనకి కళ్లు పచ్చబడ్డాయి. మూడు రోజులు నేల ఉసిరి పసరు తాగి, నన్ను పిలిచారు.

"బాబూ, మీ ఎలకల మందు నాకూ కాస్త పట్టుకురా."

ఎలకల మందు అనే మాట చెవినపడి వాళ్లావిడ వంటింట్లోంచి అట్లకాడతో పరిగెత్తుకొచ్చారు. ఆవిడకి నచ్చజెప్పేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

"మేం విషానికి ముందు ఇచ్చామండీ. మీరు తర్వాత అడుగుతున్నారు. పైగా ఎలకలకి పనిచేసిందల్లా మనుషులకి చేయాలని లేదు. జింక్ మోతాదు మించితే ఒంట్లో రాగి తగ్గిపోతుంది కూడా."

ఆయన కాసేపు ఆలోచించారు. "అయితే శనివారం సీసా మూత తీసేముందు వేసుకుంటాను."

మారు మాట్లాడకుండా బండి తీసి, రక్త పరీక్షకి తీసుకెళ్లాను. సాయంత్రం రిపోర్టు చేతికొచ్చింది. ఎస్‌జీపీటీ (కాలేయం ఎంత దెబ్బతిందో చెప్పే పరీక్ష) అంకె చూడగానే, అలవాటు కొద్దీ పక్కన ఎలకల గుంపు నంబరు కోసం వెతికాను.