కరువు చేసిన మేజిస్ట్రేటు

రోల్ఫ్ బోల్డర్‌వుడ్ అనే కలంపేరుతో రాసిన థామస్ అలెగ్జాండర్ బ్రౌన్ జీవితాన్ని నేను ఆస్ట్రేలియా సాహిత్యం మీది ఆసక్తితో చదవడం మొదలుపెట్టి, చివరికి ఒక కరువు కథగా చదువుకున్నాను. మన కడప బ్రౌన్ దొర వేరు, ఈయన వేరు. 1826లో లండన్‌లో పుట్టి, ఐదేళ్ల వయసులో తల్లిదండ్రులతో సిడ్నీ చేరి, ఇరవై ఏళ్లయినా నిండకముందే విక్టోరియా పశ్చిమ ప్రాంతంలో పశువుల మంద పెట్టుకొన్న ఈయన, రెండు దశాబ్దాలకు పైగా గొడ్లనూ గొర్రెలనూ నమ్ముకొని బతికాడు. 1860ల చివర్లో, న్యూ సౌత్ వేల్స్‌లోని నరండెరా దగ్గర, వానలు మొగం చాటేయడంతో ఆ బతుకు కుప్పకూలింది. 1871లో గల్గాంగ్ అనే బంగారు గనుల ఊరికి ఆయన పోలీసు మేజిస్ట్రేటుగా వెళ్లింది ఆ తర్వాతే.

ఈ భాగం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. అనంతపురం జిల్లాలో మా ఊళ్లో ఒక కరువేడు, చెనక్కాయ పైరు ఊడలు దిగే వేళకు వాన లేకపోగా, మా నాయన కాడెద్దులను సంతలో అమ్మి, పలుపులు రెండూ భుజాన వేసుకొని చీకటి పడ్డాక ఇంటికి వచ్చాడు. అమ్మ ఏమీ అడగలేదు. కొట్టంలో గుంజకు తగిలించిన ఆ పలుపులు చాలా ఏళ్లు అక్కడే వేలాడాయి.

తీర్పులు చెప్పే పీఠం మీద ఏళ్ల తరబడి కూర్చొన్న బ్రౌన్, 'రాబరీ అండర్ ఆర్మ్స్' నవలను దొంగ నోటనే చెప్పించాడు. 1882, 83లలో 'సిడ్నీ మెయిల్' పత్రికలో ధారావాహికగా వచ్చి, 1888లో పుస్తకమైన ఆ నవలలో కథ చెప్పేది డిక్ మార్‌స్టన్ అనే ఇరవై తొమ్మిదేళ్ల పశువుల దొంగ. ఉరిశిక్ష పడి, జైలు గదిలో కూర్చొని, ఆ దేశంలో పుట్టి పెరిగినవాడి మోటు మాటల్లోనే తన బతుకంతా రాస్తాడు. ఒక మేజిస్ట్రేటు ఇలా రాయడం ఎంత పెద్ద సంగతో మన సీమవాళ్లకు వేరే చెప్పనక్కరలేదు. 1847లో కోయిలకుంట్లలో ఉరితీసిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని గురించి దొరలు ఎంత రాసిపెట్టుకొన్నా, ఆయన గుండె చప్పుడు మనకు జనం పాడుకొన్న పాటల్లోనే వినిపిస్తుంది.

అయితే 1884లో వచ్చిన 'ఓల్డ్ మెల్‌బోర్న్ మెమొరీస్' అనే జ్ఞాపకాల పుస్తకం నన్ను బాధపెట్టింది. బ్రౌన్ మంద మేసిన నేల తరతరాలుగా గుండిట్జ్‌మారా అనే ఆదివాసీ ప్రజలది. వాళ్లకూ వలసదారులకూ నడిచిన యుమెరల్లా యుద్ధాన్ని ఆయన వలసదారు వైపు నిలబడే చెప్పాడు. దొంగకు నోరిచ్చిన మనిషి, నేల పోగొట్టుకొన్నవాళ్లకు ఇవ్వలేకపోయాడు. నవలలోని వారిగల్ అనే, ఆదివాసీ రక్తం కలిసిన యువకుణ్ణి చిత్రించిన తీరులోనూ ఆ చిన్నచూపే కనిపిస్తుంది. ఎంత ఇష్టంగా చదివినా ఈ ఒక్కదాన్ని నేను మన్నించలేను.

డిక్‌కు ఉరి తప్పుతుంది. పన్నెండేళ్లు జైల్లో గడిపి బయటికి వచ్చి, అన్నాళ్లూ తన కోసం కాచుకొని ఉన్న గ్రేసీని పెళ్లాడి, క్వీన్స్‌లాండ్‌లో ఒక పశువుల మందను చూసుకోవడానికి బయలుదేరతాడు. కరువుకు తన మందను పోగొట్టుకొన్న రచయిత, ఆ దొంగను మాత్రం చివరికి గొడ్ల మధ్యకే పంపించాడు.