రేడియేటర్‌లో పసుపు

అంబాసిడర్ కింద పరిచిన అట్ట పొడిగానే ఉంది, ఇంజన్ నీళ్ల లీకు ఆగినట్టే. హాయిగా పడుకోవాలి. కానీ పొద్దున షెడ్డు దగ్గర విన్న మాట చెవిలోంచి పోవట్లేదు. "రేడియేటర్ల చారెడు పసుపేస్తే లీకు బందైతుండె గద సార్, గిదంత ఎందుకిప్పిన్రు?"

ఎందుకిప్పినమంటే, చుక్క పడేది గేర్‌బాక్స్ దగ్గర. ఆయిల్ సీలని ఒకరు, హోస్ పైపని ఒకరు. నీళ్లు కారేది ఒకచోట, రాలేది ఇంకోచోట. ఇంజన్ బ్లాకు అంచు పట్టుకుని పారి, పల్లం ఎక్కడుంటే అక్కడ పడతాయి. మన బోరు నీళ్లలో సున్నం ఎక్కువ కాబట్టి కారిన దారంతా తెల్లటి చార కడుతుంది. టార్చి పట్టుకుని ఆ చార వెంబడి కిందినుంచి పైకి పోతే వెనక కోర్ ప్లగ్ దగ్గర ఆగింది. బ్లాకు పోతపోసినప్పుడు లోపలి ఇసుక తీసేందుకు వదిలిన కంతలకు కొట్టే గుండ్రటి రేకు బిళ్ల అది. పైన రంగు కూడా చెదరలేదు. స్క్రూడ్రైవర్ మొన ఆనిస్తే పుటుక్కున దిగింది. లోపలినుంచి తినేసింది మరి.

రేడియేటర్ కుళాయి ఒక్కటే తిప్పి నీళ్లన్నీ పోయాయనుకుంటారు చాలామంది. బ్లాకుకు వేరే కుళాయి ఉంది. అది మడ్డితో పూడి ఉంటే తీగతో పొడవాలి. పాత బిళ్ల నడుమ చిన్న కంత పెట్టి, స్క్రూ బిగించి, ప్లయర్‌తో లాగాలి. డ్రిల్లు లోతుకు పోనీయొద్దు, వెనకాలే సిలిండర్ గోడ. బిళ్ల ఊడగానే ఎర్రమట్టి లాంటి మడ్డి, గరిటెతో తీసేంత. వాటర్ పంపుకు దూరంగా ఉన్న మూల కాబట్టి నీటి వేగం తక్కువ, చెత్తంతా అక్కడే కూర్చుంటుంది. ఆ మడ్డిలో పసుపు పచ్చటి ముద్దలు! అక్కడే నాకు మండింది.

వేడినీళ్లలో పసుపు ఉబ్బి కంతకు అడ్డం పడే మాట నిజమే. కానీ దానికి ఏ కంతో తెలియదు కదా. రేడియేటర్ సన్న గొట్టాల్లో పేరుకుంటుంది, ఇంజన్ వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌కు పోనీయని థర్మోస్టాట్‌కు పట్టుకుంటుంది. లీకు ఆగిందని మురిసేలోపు బండి వేడెక్కడం మొదలు. అప్పుడు థర్మోస్టాట్ పీకేస్తారు, "మన ఎండలకు అదెందుకు" అని. ఇంకొందరైతే వాటర్ పంపు కింద ఉండే చిన్న కంతను ఎంసీల్‌తో మూసేస్తారు. సీలు పోయిందని చెప్పడానికే ఆ కంత ఉంది. అది మూస్తే నీళ్లు బేరింగ్‌లోకి పోయి పంపే పోతుంది.

ఇంతదాకా తిట్టాక మేడారం గుర్తొచ్చింది. మా బాపు హయాంలో జాతరకు పోయిన అంబాసిడర్లు పస్రా దాటాక బానెట్లు లేపుకుని వరసగా నిలబడేవి. ఫస్ట్ గేర్‌లో పాకుతుంటే రేడియేటర్‌కు గాలి ఉండదు. ఇంజన్ నెమ్మదిగా తిరిగితే బెల్టు మీదున్న ఫ్యానూ నెమ్మదే. డ్రైవర్లు డబ్బాలు పట్టుకుని జంపన్న వాగుకు పరుగు. కాలే ఇంజన్‌లో చల్లనీళ్లు పోస్తే పోత ఇనుము పగులుతుందని తెలిసినవాళ్లు ఇంజన్ ఆపకుండా కొద్దికొద్దిగా పోసేవారు. తెలియనివాళ్లు గుమ్మరించేవారు. ఇసుకా దాంతోపాటే లోపలికి. తల్లులకు మొక్కిన పసుపు పొట్లం మిగిలితే అదీ రేడియేటర్‌లోకే. ఆ బండ్లు అడవి దాటి హన్మకొండ చేరాయి మరి! అర్ధరాత్రి తాడ్వాయి అడవిలో కోర్ ప్లగ్ ఎవడిస్తాడు? కాబట్టి పసుపును ఇంకేమీ అనను. ఇంటికొచ్చాక విప్పి కడగనోళ్లనే అంటా.

సరే, మిగతా పని. కొత్త బిళ్ల కొలత పాతదాన్నిబట్టి తీసుకోవద్దు, కంతకే వెర్నియర్ పెట్టాలి. ఇత్తడిది దొరికితే తుప్పు బాధ ఉండదు. గూడును ఎమరీతో మెరిసేదాకా రుద్ది, అంచుకు పలచగా సీలెంట్ రాయాలి. ఉబ్బు రకం బిళ్లయితే ఉబ్బు బయటికి పెట్టి, నడుమ మొద్దు డ్రిఫ్ట్ (ఇనుప కడ్డీ) ఆనించి సుత్తితో కొట్టాలి. ఉబ్బు చదునయ్యేకొద్దీ అంచు వెడల్పై బిగుస్తుంది. ఇంకో దెబ్బ వేద్దామని గుంట పడేస్తే మళ్లీ వదులు. గిన్నె రకమైతే నోరు బయటికి, సరిపడే సాకెట్ పెట్టి నిటారుగా. ఒకటి తుప్పు తిన్నదంటే మిగతావీ అదే వయసు, చేయందేవన్నీ మార్చేయడం మంచిది.

నింపేది గ్లైకాల్ కూలెంట్ సగం, డిస్టిల్డ్ వాటర్ సగం. వరంగల్‌లో నీళ్లు గడ్డకడతాయా అంటారు. గడ్డకట్టకుండా ఉండేందుకు కాదు, తుప్పు ఆపే మందు అందులో ఉంటుంది. పైగా ఆ మిశ్రమం 107 డిగ్రీల దాకా మరగదు. రేడియేటర్ మూత ఆపే ప్రతి పౌండు ఒత్తిడికీ ఇంకో డిగ్రీన్నర కలుస్తుంది. మూత తీసే ఉంచి, నెమ్మదిగా పోసి, ఇంజన్ నడవనివ్వాలి. పై హోస్ వేడెక్కాక మట్టం దిగుతుంది, మళ్లీ పోయాలి. పారబోసిన పాత కూలెంట్ మోరీలో వద్దు, తియ్యగా ఉంటుందని కుక్కలు నాకి చస్తాయి.

చివరగా మూత చోట గేజు ఉన్న చేతిపంపు బిగించి, మూత మీద కొట్టిన పౌండ్లకు మించకుండా ఒత్తిడి పెడితే పావుగంటయినా ముల్లు కదల్లేదు. ఒకవేళ బయట చుక్క లేకుండా ముల్లు దిగితే బ్లాకుకూ హెడ్‌కూ నడుమ ఉండే హెడ్ గ్యాస్కెట్‌ను అనుమానించాలి, ఆయిల్‌లో నీళ్లు కలిసి ఆయిల్ పుల్ల మీద పాల మీగడలా ఉందేమో చూడాలి. మూత రబ్బరు మాత్రం పగిలింది. రేపు అదే పౌండ్ల మూత కొనాలి, ఎక్కువది అంటగట్టబోతే వద్దనాలి.