మండువా ఇళ్ల కొలతలకు లేజర్ లెవెల్ ఎంచుకున్న తీరు: నా అనుభవం

పాత ఇళ్లను బాగుచేసే ముందు వాటి కొలతలు తీసి డ్రాయింగులు గీయడం నా పని. ఎక్కువగా కోనసీమ వైపు మండువా ఇళ్లు. కొత్త అపార్ట్‌మెంట్ అయితే టేపు, డిస్టెన్స్ మీటర్ చాలు. మండువా ఇంట్లో అలా కుదరదు. గది గదికీ నేల ఎత్తు మారుతుంది, గోడలు ఒరిగి ఉంటాయి, దూలాలు మధ్యలో కుంగి ఉంటాయి. నేల నుంచి దూలం దాకా కొలిస్తే, ఆ అంకెలో నేల వాలు ఎంతో, దూలం కుంగింది ఎంతో తెలియదు. ఇల్లంతటికీ ఒకే మట్టం గీత ఉండాలి. దాని నుంచే పైకీ కిందికీ కొలవాలి.

ఆ గీత ఇన్నాళ్లూ ట్యూబ్ లెవెల్‌తో పెట్టేవాళ్లం. గొట్టంలో గాలి బుడగ లేకపోతే నీళ్ల మట్టాన్ని మించింది లేదు. కానీ దానికి ఇద్దరు మనుషులు కావాలి. పైగా మనుషులు కాపురం ఉంటున్న ఇంట్లో ప్రతి స్తంభానికీ, గోడకీ గుర్తులు పెట్టాలంటే నాకు మనసొప్పదు. అందుకే తనంతట తానే మట్టానికి సర్దుకుని గోడల మీద వెలుగు గీత వేసే, చేతిసంచిలో పట్టే సెల్ఫ్ లెవెలింగ్ లేజర్ కొనాలనుకున్నాను.

ఏ షాపుకు వెళ్లినా ముందు 12 లైన్ల మిషన్ చూపిస్తారు. అడ్డంగా ఒకటి, నిలువుగా రెండు, మూడూ చుట్టూ 360 డిగ్రీలు పడతాయి; ఒక్కోదాన్ని నాలుగు గీతలుగా లెక్కేసి 12 అంటారు. టైల్స్, ఫాల్స్ సీలింగ్ పనివాళ్లకు అది మంచి పరికరం. నాకు మాత్రం చుట్టూ పడే అడ్డగీత ఒకటి, గోడ ఒరుగు చూడటానికి నిలువు గీత ఒకటి ఉంటే చాలు. మండువా మధ్యలో స్టాండ్ మీద పెడితే నాలుగు వసారాల స్తంభాల మీదా, తెరిచిన తలుపుల్లోంచి గదుల్లోకీ ఒకేసారి గీత పడాలి. ఒకవైపే గీత పడే క్రాస్‌లైన్ రకం ఇంకా చిన్నదే, చవకే. కానీ ప్రతి వైపుకీ తిప్పుతుంటే స్టాండ్ కాస్త కదిలినా ఎత్తు మారిపోతుంది. అందుకే దాన్ని వద్దనుకున్నాను.

రంగు దగ్గర చాలాసేపు ఆలోచించాను. ఎరుపు కంటే ఆకుపచ్చ వెలుగు మన కంటికి బాగా కనిపిస్తుంది. అయితే ఆకుపచ్చ మోడళ్లు చాలావాటికి పని ఉష్ణోగ్రత 40 డిగ్రీల వరకే అని రాసి ఉంటుంది. మన మే నెల ఎండలకు అది చిన్న విషయం కాదు. అయినా ఆకుపచ్చే తీసుకున్నాను, వేసవిలో పొద్దున్నే పని ముగించవచ్చని. నేరుగా ఎండ పడే చోట ఏ రంగు గీతా కనిపించదు. అక్కడ గీతను పట్టుకుని బీప్ కొట్టే రిసీవర్ వాడాలి, అందుకు లేజర్‌లో పల్స్ మోడ్, అంటే గీతను కంటికి తెలియనంత వేగంగా ఆర్పి వెలిగించే ఏర్పాటు, ఉండాలి. మండువాలో మధ్యాహ్నం ఎండ పడుతుంది కాబట్టి ఆ మోడ్ లేనివాటిని పక్కన పెట్టేశాను. డబ్బాలో వచ్చే రంగు కళ్లద్దాలు గీత బాగా కనిపించడానికే, కంటికి రక్షణ కాదు. ఇంట్లో పిల్లలుంటే ఇది తప్పకుండా చెప్తాను.

ఇక అసలు సంగతి, గీత ఎంత నిజమన్నది. లోపల ఒక లోలకం వేలాడుతూ ఉంటుంది, దాని ఊపును అయస్కాంతాలు ఆపుతాయి. సాధారణంగా 4 డిగ్రీల వంపు దాకా తనంతట తానే సర్దుకుంటుంది, అది దాటితే గీత మినుకుమినుకుమంటూ హెచ్చరిస్తుంది. మీటరుకు 0.3 మిల్లీమీటర్ల తేడా, అంటే 10 మీటర్లకు 3 మిల్లీమీటర్లు, చాలా డబ్బాల మీద కనిపించే మాట. డబ్బా మీది మాట నమ్మి కొనేది కాదిది. షాపులోనే పరీక్ష చేస్తానని అడిగాను.

పరీక్ష ఇలా. ఎదురెదురుగా 5 మీటర్ల దూరంలో రెండు గోడలు చూసుకోవాలి. మొదటి గోడకు దగ్గరగా లేజర్ పెట్టి, ఆ గోడ మీద గీత పడ్డచోట గుర్తు పెట్టాలి. దాన్ని వెనక్కి తిప్పి రెండో గోడ మీద గుర్తు పెట్టాలి. ఇప్పుడు లేజర్‌ను రెండో గోడ దగ్గరకు మార్చి, ఎత్తు సరిచేసి అక్కడి గుర్తుకు కలపాలి. మళ్లీ తిప్పి మొదటి గోడ మీద చూడాలి. చుట్టూ పడే గీత అయినా ప్రతిసారీ మిషన్ ఒకే ముఖం గోడకు ఎదురుగా ఉండాలి. పాత గుర్తుకూ కొత్త గీతకూ తేడా 3 మిల్లీమీటర్లు దాటకూడదు. ఎందుకంటే తప్పు రానూపోనూ కలిసి 10 మీటర్లకు లెక్క. అన్నిసార్లూ గీత నడిమికే గుర్తు పెట్టాలి, అంచు పట్టుకుంటే గీత మందమే తేడాగా వస్తుంది. రూపంలో నాకు బాగా నచ్చిన ఒక మోడల్ ఇక్కడే ఆగిపోయింది. తర్వాతది చూసింది చూసినట్టు కలిసింది. అదే తీసుకున్నాను.

మొదటి ఇంటికి పట్టుకెళ్లినప్పుడు మేస్త్రీ గారు దాన్ని పరిశీలనగా చూసి, "నీళ్లు కూడా అక్కడికే వస్తాయేమో చూద్దామండీ బాబుగారూ" అంటూ ట్యూబ్ లెవెల్ తెప్పించారు. నాకూ అదే కావాలి. వీధి వసారా స్తంభం మీదా, పెరటి వైపు స్తంభం మీదా రెండూ కలిశాయి, తేడా గీత మందంలోనే ఉంది. ఆ గీత నుంచి కొలిస్తే వీధి గడప దగ్గరి నేలకూ వంటగది నేలకూ రెండంగుళాల పైచిలుకు తేడా తేలింది. కుంగిందనుకున్న దూలం నిజానికి తక్కువే కుంగింది, వాలిందంతా నేలే. దూలం మార్చాలన్న ఆలోచన ఇంటివాళ్లు మానుకున్నారు.

మోటార్‌సైకిల్ మీద తీసుకెళ్లేటప్పుడు లోలకం లాక్ తప్పకుండా వేస్తాను. గతుకుల్లో దెబ్బ తింటే గీత తప్పుతుంది, చూస్తే మాత్రం తెలియదు. కొత్త ఇంట్లో కొలత మొదలుపెట్టే ముందు ఆ రెండు గోడల పరీక్ష మళ్లీ చేస్తాను.