వీధి చివర గోడ

తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి మాడవీధుల్లో ఒకవైపు దారి ఆగితే ఇంకోవైపు చుట్టి వెళ్లొచ్చు. ఊరి అంచుల్లో వెలిసిన చాలా వెంచర్లలో ఆ వెసులుబాటు లేదు. ఉత్తరాన శేషాచలం కొండలు అడ్డం కాబట్టి ఊరు మిగతా దిక్కులకు పాకింది. పాకడం తప్పు కాదు, ముక్కలు ముక్కలుగా పాకడమే చేటు.

ఒక్కో సర్వే నంబరు ఒక్కో యజమానిది. ఒకాయన ఇప్పుడు అమ్మితే పక్కాయన పదేళ్లకు అమ్ముతాడు. మొదటి వెంచర్‌వాళ్లు మెయిన్ రోడ్డు నుంచి వీధులు తీసి పక్క పొలం గట్టు దగ్గర ఆపేస్తారు. అక్కడ రోడ్డు వదలకపోతే ఇంకొన్ని అంకణాల స్థలం అమ్ముకోవచ్చు కదా! రెండో వెంచర్ వచ్చేసరికి అక్కడ ఇల్లు లేచి ఉంటుంది.

వీధులు ఒకదానితో ఒకటి ఎంత కలిశాయో కొలవొచ్చు. కూడళ్లను, మూసుకుపోయిన వీధి చివరలను బిందువులుగా, వాటి మధ్య రోడ్డు ముక్కలను లింకులుగా ఎంచి, లింకులను బిందువులతో భాగించాలి. 1.4 వస్తే వీధులు బాగా కలిసినట్టు. మెయిన్ రోడ్డు నుంచి 40 మీటర్లకొకటిగా నాలుగు వీధులు, ఒక్కోటి 200 మీటర్ల పొడవు, చివర మూసేశారనుకోండి. బిందువులు 8, లింకులు 7. అంటే 0.88. మొదటి వీధి చివరి ఇంటి నుంచి రెండో వీధి చివరి ఇంటికి గోడ మీదుగా 40 మీటర్లే, నడిస్తే 440. వెనక ఒక అడ్డ వీధి వేస్తే లింకులు 10, నిష్పత్తి 1.25, నడక 40 మీటర్లకు దిగుతుంది.

నడక ఒక్కటే కాదు. నీళ్ల పైపు కూడా వీధి వెంటే పోతుంది. మూసుకున్న వీధిలో చివరి ఇళ్లకు ప్రెషర్ తగ్గుతుంది, నీళ్లు పైపులో నిలవుంటాయి, మధ్యలో పగిలితే అవతలివాళ్లందరికీ బంద్. పైపులు చుట్టూ కలిసి ఉంటే రెండోవైపు నుంచి ఇవ్వొచ్చు. చెత్త బండి రివర్స్‌లో రావాలి. చిన్న పనికి తీసిన స్కూటరు కూడా మెయిన్ రోడ్డెక్కాల్సిందే, అక్కడి రద్దీ కొంత అలా పుట్టిందే.

క్రిస్టఫర్ బారింగ్టన్-లీ, ఆడమ్ మిలార్డ్-బాల్ అనే పరిశోధకులు 2015లో అమెరికా వీధులను లెక్కగట్టి చూపారు: కొత్తగా వేసే వీధుల్లో ఈ తెగిపోవడం 1994 ప్రాంతంలో తారస్థాయికి చేరి, తర్వాత తగ్గింది. తగ్గించడం సాధ్యమే. కానీ ఒకసారి వేసిన వీధి మారదు, ఇళ్లు కూల్చి మళ్లీ కట్టినా హద్దులు అవే ఉంటాయి.

అందుకే ప్లాట్లు అమ్ముడుపోక ముందే చూసుకోవాలి. లేఅవుట్ ప్లాను పక్కన ఎఫ్‌ఎంబీ స్కెచ్ (సర్వే నంబర్ల హద్దులు, కొలతలు చూపే పటం) పెట్టుకుని, కనీసం ఒక రోడ్డైనా ప్రతి పక్క సర్వే నంబరు గట్టును తాకుతోందా చూడండి. రోడ్లను స్థానిక సంస్థకు రాసిచ్చే గిఫ్ట్ డీడ్‌లో ఆ రోడ్డు గట్టు దాకా ఉందా చదవండి. చివర ఒక అడుగు పట్టీ యజమాని పేర మిగిలినా దారి ఆగిపోతుంది. ఇప్పటికే మూసేసిన చోట, వీధి ఎదురుగా పడ్డ ప్లాటును వెతకండి. వీధిపోటని కొనడానికి జనం వెనకాడతారు కాబట్టి కొన్నిచోట్ల అది ఇంకా ఖాళీగానే ఉండొచ్చు. వీధిలోవాళ్లంతా కలిసి కొని, స్థానిక సంస్థకు రోడ్డుగా రాసిస్తే అవతలి వెంచర్‌కు దారి పడుతుంది.