ఇరవై గుంటలు, రెండు అర్జీలు, ఒక అప్పీలు

2018 మే నెలలో రైతుబంధు చెక్కుతో పాటు కొత్త పట్టాదారు పాసుపుస్తకం చేతికిచ్చారు. నాయిన దాన్ని ఇంటికి తెచ్చి, దేవుడి గూట్లో పెట్టి, కుంకుమ బొట్టు కూడా పెట్టాడు. లోపల ఏముందో ఎవరూ చూడలేదు. వారం తర్వాత నేను హైదరాబాద్ నుంచి వచ్చినప్పుడు తెరిచి చూస్తే విస్తీర్ణం దగ్గర 2-10 అని ఉంది. మాది రెండెకరాల ముప్పై గుంటలు. నలభై గుంటలు ఒక ఎకరం కాబట్టి అర ఎకరం మాయం. అప్పుడు గుర్తొచ్చి చెక్కు చూశాం. ఎకరాకు 4,000 చొప్పున 11,000 రావాల్సింది, 9,000 వచ్చింది.

నాయిన ఎక్కువ ఆలోచించలేదు. "ఇది వాడు చేయించిన పనే" అన్నాడు. వాడంటే మా చిన్నతాత కొడుకు, నాకు కాక అవుతాడు. ఆ సర్వే నంబరు మొత్తం మా తాతది, ఆయన తమ్ముడిది. చెరి సగం పంచుకున్నారు. కాక పాసుపుస్తకంలో 2-30 సరిగ్గానే పడింది. మాకే తగ్గింది. ఇంకేం రుజువు కావాలన్నట్టు, ఆ ఎండాకాలంలోనే జరిగిన కాక కూతురి పెళ్లికి ఇంట్లో ఎవరినీ పోనివ్వలేదు.

పాత పాసుపుస్తకం ఉంటే గొడవే లేకపోను. దాన్ని చెదలు తిన్నాయి. నాయిన బ్యాంకు అప్పు జోలికి పోని మనిషి, కాబట్టి ఏ బ్యాంకు ఫైల్లోనూ నకలు లేదు. వీఆర్వోను అడిగితే పాత పహాణీలు, అంటే ఏ పొలం ఎవరిది, ఎంత అని ఏటేటా రాసే రికార్డులు, తెమ్మన్నాడు. మీసేవలో పహాణీ నకళ్లకు దరఖాస్తు పెడితే రికార్డు లేదని తిప్పి పంపారు. తహసీల్దార్ ఆఫీసుకు పోయి అర్జీ ఇస్తే వీఆర్వోను కలవమన్నారు. ఇలా ఏడెనిమిది నెలలు, నేను సెలవు పెట్టుకుని వచ్చిన ప్రతిసారీ, ఆ మూడు గుమ్మాల మధ్యే తిరిగాను.

2019 జనవరిలో అదే తహసీల్దార్ ఆఫీసులో సమాచార హక్కు చట్టం కింద అర్జీ పెట్టాను. ఆ మొదటి అర్జీ ఇప్పుడు చదివితే నాకే నవ్వొస్తుంది. ఒకటిన్నర పేజీ రాశాను. మా తాత కష్టంతో మొదలుపెట్టి, "మా భూమిని ఎవరి ప్రోద్బలంతో తగ్గించారు? ఎందుకు తగ్గించారు? దీనికి బాధ్యులైన వారిపై ఏ చర్య తీసుకుంటారు?" అని ముగించాను. రాసి చదువుకుంటే గుండె బరువు దిగినట్టు అనిపించింది కూడా. రెండు వారాల్లో నాలుగు లైన్ల జవాబు వచ్చింది: మీరు అడిగినది చట్టంలోని సమాచారం నిర్వచనం కిందికి రాదు.

కోపంతో చట్టం తీసి చదివితే, చెప్పడానికి కష్టంగానే ఉంది గానీ, వాళ్లు రాసింది నిజమే. సెక్షన్ 2(ఎఫ్) ప్రకారం సమాచారమంటే రికార్డులు, పత్రాలు, మెమోలు, ఆదేశాలు, లాగ్ పుస్తకాలు, నమూనాలు, ఇలా ఆఫీసు దగ్గర ఏదో ఒక రూపంలో ఉన్న వస్తువు. నా ప్రశ్నకు జవాబు ఎవరో కూర్చుని ఆలోచించి రాయాలి. అలా రాసిపెట్టాల్సిన బాధ్యత సమాచార అధికారికి లేదు. 2010లో సుప్రీంకోర్టు, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నుంచే వెళ్లిన ఒక కేసులో, ఇదే చెప్పింది. ఒక జడ్జి ఫలానా తీర్పు ఎందుకిచ్చారో చెప్పమని ఒకాయన ఈ చట్టం కింద అడిగారు. రికార్డులో ఉన్నదే అడగాలి తప్ప, ఎందుకు అలా చేశారని సంజాయిషీ అడగడానికి ఈ చట్టం లేదని కోర్టు తేల్చింది. నేను ఒకటిన్నర పేజీ నిండా అడిగింది సంజాయిషీనే.

ఫిబ్రవరి 4న రెండో అర్జీ. ఈసారి తాత కష్టం లేదు, నా కోపం లేదు. మా గ్రామం పేరు, సర్వే నంబరు రాసి నాలుగంటే నాలుగే అడిగాను. ఆ నంబరుకు సేత్వార్, అంటే మొదటి సర్వే నాటి మూల రికార్డు, నకలు. 1954-55 కాస్రా పహాణీ నకలు. 1990-91 నుంచి 2016-17 దాకా ప్రతి సంవత్సరం పహాణీలో ఆ నంబరున్న పేజీ నకలు. ఈ చట్టంతో పని లేకుండా నేను అంతకుముందు తహసీల్దార్‌కు ఇచ్చిన అర్జీ మీద, దాని ఇన్‌వార్డ్ నంబరుతో సహా, ఇప్పటిదాకా ఎవరెవరు ఏం రాశారో ఆ నోట్ ఫైలు నకలు. "ధ్రువీకరించిన నకళ్లు" అన్న మాట మర్చిపోకుండా రాశాను. అదనంగా ఒక వాక్యం చేర్చాను: నకళ్లు ఇవ్వడం వీలుకాకపోతే రికార్డును స్వయంగా తనిఖీ చేసుకునే అవకాశం ఇవ్వగలరు. ఏదో నమూనాలో చూసి రాసిన వాక్యమది. చివరికి పని జరిగింది దానివల్లే.

ఎందుకు కావాలో రాయలేదు. రాయక్కర్లేదని సెక్షన్ 6(2) చెబుతుంది.

ఫీజు దగ్గర చిన్న తమాషా జరిగింది. మన రాష్ట్ర నిబంధనల్లో గ్రామ స్థాయి ఆఫీసుకైతే ఫీజు లేదు, మండల స్థాయికి ఐదు రూపాయలు, ఆ పైవాటికి పది. నేను ఐదు రూపాయల బిళ్ల బల్ల మీద పెట్టి రసీదు అడిగితే, జూనియర్ అసిస్టెంట్ "ఐదు రూపాయలకు రసీదు ఏందన్నా, తీస్కపో" అని వెనక్కి జరిపాడు. పాపం మంచి ఉద్దేశంతోనే అన్నాడు. కానీ ఫీజు కట్టని అర్జీ అర్జీయే కాదని రేపు ఇంకొకరు అనొచ్చు. అరగంట కూర్చుని రసీదు రాయించుకున్నాను. నా దగ్గరున్న రెండో ప్రతి మీద ముద్ర, తేదీ, ఇన్‌వార్డ్ నంబరు వేయించుకున్నాను.

గడువు 30 రోజులు. అంటే మార్చి 6. ఆ రోజు గడిచింది, ఏమీ రాలేదు. మార్చి 18న పోస్ట్‌మ్యాన్ కవరు ఇచ్చాడు. లోపల ఒకే కాగితం: "మీరు కోరిన రికార్డు ఈ కార్యాలయంలో లభ్యం కావడం లేదు." ఉత్తరం మీద తేదీ మార్చి 4, అంటే గడువుకు రెండు రోజుల ముందే. కవరు మీద పోస్టాఫీసు ముద్ర మాత్రం మార్చి 15. నాయిన ఆ కవరు పొయ్యిలో వేయబోతుంటే లాక్కున్నాను. ఇలాంటి వ్యవహారాల్లో ఉత్తరం కంటే కవరే విలువైందని నాకు అప్పటికి తెలియదు. ఏదో అనుమానంతో దాచానంతే.

ఆ ఉత్తరంలో ఇంకో లోపం ఉంది. సమాచారం ఇవ్వకపోతే కారణం, అప్పీలు ఎవరికి చేసుకోవాలి, ఎన్ని రోజుల్లో, ఇవన్నీ జవాబులోనే చెప్పాలి. సెక్షన్ 7(8) అది. ఇందులో ఏదీ లేదు. "లభ్యం కావడం లేదు" అన్నది అసలు కారణమే కాదు. సమాచారం నిరాకరించడానికి సెక్షన్ 8లో మినహాయింపులు వరసగా ఇచ్చారు, రికార్డు కనబడకపోవడం వాటిలో ఎక్కడా లేదు. 2013లో ఢిల్లీ హైకోర్టు ఒక కేసులో, దొరకడం లేదని ఒక్క మాట అనేసి తప్పించుకోవడం కుదరదని, గట్టిగా వెతకాలని, అప్పటికీ దొరకకపోతే విచారణ చేయించి బాధ్యులెవరో తేల్చవచ్చని చెప్పింది. ఆఫీసు వాళ్లను తిట్టుకుంటూ రాత్రంతా చదివిన వాటిలో నాకు బాగా పనికొచ్చింది ఈ తీర్పే.

మొదటి అప్పీలుకు ఉత్తరం అందినప్పటి నుంచి 30 రోజులు సమయం. ఫీజు లేదు. మార్చి 25న ఆర్డీఓ ఆఫీసులో ఇచ్చాను. ఒక్క పేజీలో మూడే ముక్కలు: జవాబు గడువు దాటాక పంపారు, కవరు జిరాక్స్ జతపరిచాను, కాబట్టి సెక్షన్ 7(6) కింద నకళ్లు ఉచితంగా ఇవ్వాలి. రికార్డు లేదనడం చట్టంలో కారణం కాదు. తనిఖీ అడిగాను, దాని గురించి ఒక్క మాట రాయలేదు.

తర్వాత ఎన్నికలు. ఈ మాట ఆఫీసు వాళ్ల పక్షాన చెప్పాలి. డిసెంబరు 7న అసెంబ్లీ పోలింగ్, జనవరిలో మూడు విడతల పంచాయతీ ఎన్నికలు, ఏప్రిల్ 11న లోక్‌సభ, మేలో మళ్లీ పరిషత్తులు. ఆరు నెలల్లో నాలుగు ఎన్నికలు, అన్నిటికీ ఆ పది పన్నెండు మందే. నేను పోయిన ప్రతిసారీ వరండాలో ఓటర్ల జాబితాలు కుప్పలుగా ఉండేవి. అప్పీలు మీద నిర్ణయానికి 30 రోజులు, కారణం రాసి పెట్టుకుంటే 45 దాకా పోవచ్చు. నాకు మే 2న విచారణకు రమ్మని నోటీసు వచ్చింది.

ఆ ముందు రాత్రి నిద్ర పట్టలేదు. కోర్టులా ఉంటుందేమో, వకీలును పెట్టుకోవాలేమో అని టెన్షన్. తీరా పోతే మామూలు ఛాంబరు. నేను, తహసీల్దార్ తరఫున నాయబ్ తహసీల్దార్, ఎదురుగా ఆర్డీఓ. పది నిమిషాలు కూడా పట్టలేదు. ఆర్డీఓ కాగితాలు తిరగేసి, "ఇంత పాత పహాణీలు నీకెందుకయ్యా?" అని అడిగారు. సెక్షన్ 6(2) నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసి, ఉన్న సంగతి చెప్పాను: ఇరవై గుంటలు, కాక, పెళ్లి. పెళ్లి మాట ఎందుకు చెప్పానో నాకే తెలియదు. ఆయన నాయబ్ తహసీల్దార్ వైపు తిరిగి, "రికార్డు రూము చూపించండి, అతన్నే వెతుక్కోనివ్వండి" అన్నారు. కవరు మీద ముద్ర చూసి మాత్రం ఏమీ అనలేదు, నకళ్లు ఉచితంగా ఇవ్వాలని రాశారు.

పరిషత్ ఎన్నికలు అయ్యాక, మే 20న రికార్డు రూముకు పోయాను. గదిలో ఒకటే బల్బు. ఎర్రగుడ్డలో కట్టిన బస్తాలు పైకప్పు దాకా. ఒక్కో గ్రామానికి ఒక్కో బస్తా, పైన అట్టముక్క మీద పేరు. మా ఊరి బస్తా విప్పితే నిజంగానే మా నంబరు పహాణీలు లేవు. ఉత్తరంలో వాళ్లు అబద్ధం రాయలేదు, వెతకలేదు అంతే. నిబంధనల ప్రకారం మొదటి గంట తనిఖీకి డబ్బు తీసుకోరు. ఆ గంట అయిపోయింది. రెండో గంట ఎవరూ లెక్కపెట్టలేదు. అటెండర్, ఇంకో ఏడాదిలో రిటైరయ్యే మనిషి, బీడీ కోసం బయటికి పోబోతూ ఆగి, "మీ ఊరు ముందుగాల పక్కూరి పట్వారీ కిందనే ఉండె కదా బిడ్డా, గా బస్త జూసినవా?" అన్నాడు. చూడలేదు. ఆ ఆలోచనే నాకు రాలేదు. ఆయనే నిచ్చెన వేసి దించాడు. మా పహాణీలు అందులో ఉన్నాయి.

నేల మీద కూర్చుని ఒక్కో సంవత్సరం తిప్పాను. 1996-97లో నాయిన పేరు ఎదురుగా 2-30, నీలం సిరా. 1997-98లో చేతిరాత మారింది. కొత్తగా వచ్చినాయన పాత పుస్తకం చూసి ఎత్తి రాసినట్టుంది. ముందటేడు పేజీలో 3 మీద చెమ్మ తగిలి పైభాగం చెరిగి, చూడ్డానికి ఒకటిలాగే ఉంది. ఆయన 2-10 అని రాశాడు. అక్కడి నుంచి ప్రతి ఏడాదీ 2-10, కంప్యూటర్లోకి ఎక్కించినప్పుడూ అదే. ఇరవయ్యేళ్లు మేం పొలం దున్నుకున్నాం గానీ పహాణీ తీసి చూసింది లేదు.

కింది వరసలో కాక వాళ్ల నాన్న పేరు. మొదటి నుంచి చివరిదాకా 2-30. గుంట పెరగలేదు, తగ్గలేదు.

సేత్వార్ నకలు కూడా దొరికింది గానీ అది ఉర్దూలో ఉంది, అంకెలతో సహా. పక్క ఊళ్లో ఉర్దూ మీడియంలో చదువుకున్న రిటైర్డ్ పంతులు గారు కళ్లద్దాలు తుడుచుకుని చదివి పెట్టారు: మొత్తం అయిదెకరాల ఇరవై గుంటలు. మాది 2-10, కాకది 2-30 కలిపితే అయిదు ఎకరాలే. మిగిలిన ఇరవై గుంటలు ఇన్నేళ్లుగా కాగితం మీద ఎవరి పేరునా లేవు. ఎవరూ కాజేయలేదు.

ధ్రువీకరించిన నకళ్లు మొత్తం ముప్పై ఒక్క పేజీలు చేతికి రావడానికి ఇంకో వారం పట్టింది. నోట్ ఫైలు కూడా ఇచ్చారు. నా పాత అర్జీ మీద ఉన్నది ఒకే వాక్యం, "వీఆర్వో నివేదిక కోసం". ఆ వీఆర్వో నన్ను ఆఫీసుకే పొమ్మంటూ వచ్చాడు.

ఇంటికి పోయి ఆ రెండు సంవత్సరాల పేజీలు నాయిన ముందు పక్కపక్కన పెట్టాను. ఆయన చదువు నాలుగో తరగతి, అంకెలు బాగా వచ్చు. చాలాసేపు చూశాడు. వేలితో కాక వాళ్ల వరస మీద పైనుంచి కిందికి గీశాడు. "అయితే వాడు గాదా" అన్నాడు. నేనేం మాట్లాడలేదు. సాయంత్రం కండువా వేసుకుని, ఆ కాగితాలు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని బయటికి పోయాడు. రాత్రి తొమ్మిదికి వచ్చాడు. అమ్మ కంచం పెట్టబోతే తిన్నానన్నాడు. ఎక్కడ తిన్నావని అమ్మ అడగలేదు.

పాసుపుస్తకంలో 2-30 పడటానికి ఇంకో ఆరు నెలలు పట్టింది. అది సవరణ అర్జీ, వేరే ఫైలు, వేరే తిప్పట. ఆ అర్జీకి ఈ నకళ్లతో పాటు, తన భాగంలో ఏ తేడా లేదని, మా విస్తీర్ణం సవరిస్తే తనకు అభ్యంతరం లేదని కాక రాసిచ్చిన కాగితం కూడా జతచేశాం. కాక చేత దాని మీద సంతకం పెట్టించుకొచ్చింది నాయినే.