ఎంపిక కాని రోగికి కూడా చెప్పవలసింది ఉంది

రుమటాయిడ్ ఆర్థరైటిస్ అనే కీళ్లవాతం నాకు పాదాల్లో మొదలైంది. పొద్దున్నే మంచం దిగి కాలు మోపితే నిప్పులు తొక్కినట్టు ఉండేది. కొన్నాళ్లకు చేతివేళ్ల కణుపులూ వాచి, పొద్దెక్కేదాకా పిడికిలి బిగియక, చీర కుచ్చిళ్లకు సైతం మా అత్తగారి సాయం కావలసి వచ్చింది. మాది ఒడిశాలోని గజపతి జిల్లా, పర్లాకిమిడి. టెక్కలిలో పుట్టి ఈ ఊరి కోడలినైనదాన్ని కాబట్టి ఒడియా మాట్లాడగలను గాని చదవలేను.

మొదట్లో వేయించుకున్న సూదులతో నొప్పి కొద్ది రోజులు తగ్గి, మళ్లీ అంతకు మించి వచ్చేది. వాటిలో స్టెరాయిడ్ ఉందని చాలా కాలానికి గాని ఎవరూ చెప్పలేదు. ఆ రోజుల్లోనే ఒక ఆసుపత్రిలో, కొత్త మందు ఉచితంగా ఇస్తాం, సంతకం పెట్టండి అంటూ ఒడియాలో అచ్చయిన కాగితాలు నా ముందు పెట్టారు. అది పరిశోధన అని గాని, మందుకు బదులు మందులేని మాత్ర రావచ్చని గాని ఒక్క మాట అనలేదు. మా మరిది నాలుగు పేజీలు తిరగేసి, "వదినా, ఇది ట్రయల్. ఇంటికి తీసుకెళ్లి పూర్తిగా చదివాక చెబుదాం" అన్నాడు. కాగితాలు బయటికి ఇవ్వడం కుదరదన్నారు. మేము లేచి వచ్చేశాం.

ఈ జాగ్రత్త అతి అని నేను అనుకోను. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో, గిరిజన బాలికలతో సహా వేలమంది ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేసిన ప్రాజెక్టును మరుసటి ఏడాది ప్రభుత్వం నిలిపివేసింది. హాస్టళ్లలో తల్లిదండ్రులకు బదులు వార్డెన్ల చేత సమ్మతి పత్రాలపై సంతకాలు చేయించడాన్ని పార్లమెంటు స్థాయీ సంఘం 2013లో గట్టిగా తప్పుబట్టింది. ఇప్పుడు అమల్లో ఉన్న 2019 నాటి నిబంధనల ప్రకారం ట్రయల్ వివరాలు రోగికి అర్థమయ్యే భాషలో ఉండాలి, చదవలేని వారికి నిష్పాక్షికమైన సాక్షి ఉండాలి, ఆ పత్రం ప్రతి ఒకటి రోగి చేతికి ఇవ్వాలి, ట్రయల్ వల్ల హాని కలిగితే ఉచిత వైద్యంతో పాటు పరిహారం కూడా అందాలి.

తరువాత విశాఖపట్నంలో చూపించుకున్నాను. గుణుపురం నుంచి మా ఊరి మీదుగా విశాఖ వెళ్లే రైలు ఉండడం మా వంటి వారికి పెద్ద ఆధారం. వారానికి ఒక్కసారి వేసుకునే మెథోట్రెక్సేట్ అనే కీళ్లవాతం మాత్ర మొదలుపెట్టారు. కొంత గుణం కనిపించింది గాని వాపులు పూర్తిగా పోలేదు. మెథోట్రెక్సేట్‌కు లొంగని వారి కోసం అక్కడ ఒక ట్రయల్ జరుగుతోందని డాక్టరు గారు చెప్పి, ఇష్టమైతేనే వివరాలు వినమన్నారు. కోఆర్డినేటరుగా పనిచేసే నర్సు తెలుగు కాగితాలు తెచ్చి నా పక్కన కూర్చుంది. "అమ్మా, ఇది ముందు పరిశోధన, ఆ తరువాతే మీ వైద్యం. ఎవరికి ఏ మందు వస్తుందో మీకూ తెలియదు, మాకూ తెలియదు, కంప్యూటరు నిర్ణయిస్తుంది. వద్దంటే ఇక్కడి వైద్యం ఏమీ ఆగదు" అని చెప్పి, కాగితాలు ఇంటికి పంపింది. అందరం చదివాం. ఒప్పుకున్నాను.

సంతకం తరువాత అర్హత పరీక్షలు మొదలయ్యాయి. భుజాలు, మోచేతులు, మణికట్లు, చేతివేళ్ల కణుపులు, మోకాళ్లు కలిపి ఇరవై ఎనిమిది కీళ్లు. డాక్టరు గారు ఒక్కొక్క కీలు మీద బొటనవేలు ఆనించి, తన గోరు తెల్లబడే వరకు నొక్కుతూ, నొప్పి ఉందా అని అడుగుతుంటే నర్సు బొమ్మ మీద గుర్తులు పెట్టింది. పాదాలు ఆ లెక్కలో లేవు. నా బాధలో సగం అక్కడే ఉంటే వాటిని ఎలా వదిలేస్తారని అడిగాను. పాదాల వాపు వేరే కారణాలతోనూ వస్తుందని, అందరు డాక్టర్లూ ఒకే తీరుగా అంచనా వేయడం అక్కడ కష్టమని, ఈ లెక్క రోగులను పోల్చి చూడడానికే తప్ప వైద్యంలో పాదాలను ఎవరూ వదలరని ఆయన వివరించారు.

రక్తపరీక్షలో నా శరీరంలో క్షయ క్రిమి నిద్రాణంగా ఉన్నట్టు తేలింది. పరీక్షిస్తున్న మందు రోగనిరోధక శక్తిని అణిచే రకం కనుక ఆ క్రిమి మేలుకునే ప్రమాదం ఉంది. అలాంటి వారిని తీసుకోరాదని ఆ ట్రయల్ నిబంధన. నన్ను తీసుకోలేదు.

ఆ కబురు ఫోనులో రెండు ముక్కల్లో చెప్పి ఊరుకోలేదు. పిలిచి కూర్చోబెట్టి, ఇది జబ్బుగా మారిన క్షయ కాదని ఎక్స్‌రే చూపించి, దగ్గు, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం వంటివి కనిపిస్తే వెంటనే రమ్మని చెప్పి, ఇకపై నా వైద్యం ఎలా సాగుతుందో కాగితం మీద రాసి ఇచ్చారు. సమ్మతి గురించి ఎన్నో చట్టాలు, చర్చలు ఉన్నాయి. ఎన్నో ఆశలు పెట్టుకుని అంత దూరం నుంచి వచ్చి, అర్హత లేదన్న ఒక్క మాట విని రైలెక్కే మనిషికి ఏం చెప్పి పంపాలన్న దానికి కూడా అంతే శ్రద్ధ కావాలని నా దృఢమైన అభిప్రాయం. ఆ రోజు ఆ కాగితం లేకపోతే నేను మళ్లీ సూదుల దగ్గరికే వెళ్లి ఉండేదాన్నేమో.

నాకు మెథోట్రెక్సేట్‌తో పాటు సల్ఫాసలజీన్, హైడ్రాక్సీక్లోరోక్విన్ కలిపి ఇచ్చారు. ఈ మూడు మాత్రల కలయిక, ఖరీదైన ఎటనర్‌సెప్ట్ ఇంజెక్షన్‌తో చేసే వైద్యానికి తీసిపోదని 2013లో వెలువడిన ఒక ట్రయల్ తేల్చింది. మెథోట్రెక్సేట్ ఒక్కటే సరిపోని 353 మంది రోగులు అందులో చేరడానికి ఒప్పుకున్నారు. నేను ఏ ట్రయల్‌లోనూ చేరకపోయినా, నా మాత్రల చీటీ వెనుక వాళ్లు ఉన్నారు. నగరానికి దగ్గరగా ఉన్నవారినీ చదువుకున్నవారినీ మాత్రమే ఎంచుకుంటే, పర్లాకిమిడి కొండ పల్లెల్లోని శరీరాలకు ఆ మందు ఎలా పనిచేస్తుందో తెలిసేదెలా? దారి ఖర్చులు ఇచ్చి, తెలుగు, ఒడియా, సవర భాషల్లో విడమరిచి చెప్పి, మా వైపు వారిని కూడా పిలవాలి.

ఇప్పుడు వాపులు లేవు. ఉదయం కీళ్ల పట్టు కాసేపటికే వదులుతుంది. కాలేయం కోసం రక్తపరీక్షలు, హైడ్రాక్సీక్లోరోక్విన్ వాడుతున్నందుకు కంటి పరీక్ష క్రమంగా చేయించుకుంటున్నాను. ఈ మధ్య కాశీనగరం నుంచి ఒకావిడ తన కూతురిని ట్రయల్‌కు అడిగారని నా దగ్గరికి వచ్చింది. తెలుగు కాగితం ఇంటికి ఇస్తారా, తీసుకోకపోతే పిల్లకు ఏ వైద్యం చేస్తారు అన్న రెండు ప్రశ్నలూ రాసి ఇచ్చి పంపాను.